రెండు కుర్చీల మధ్య స్టూలు

మా రష్యన్ టీచరుగారు పోయిన మంగళవారం కన్నుమూశారు. ఇంత త్వరగా ఆవిడ గురించి రాయడానికి కారణం ఉంది. గాజువాకలో ఆవిడ ఇంటి ముందుగదిలో సాయంత్రాలు రష్యన్ క్లాసు జరిగేది. దాన్ని నడిపేవాళ్లు దొరక్కపోతే నెలాఖరుకి గది అద్దెకిచ్చేస్తానని వాళ్లమ్మాయి చెప్పింది. ఆమెను తప్పుపట్టలేం, ఉద్యోగం పుణేలో. ఆ క్లాసు ఆగిపోకూడదనే ఇప్పుడే రాస్తున్నాను.

మా వీధివాళ్లకి ఆవిడ స్టీల్‌ప్లాంటు ఉద్యోగి భార్య, కృష్ణా జిల్లా నుంచి వచ్చిన నెమ్మదైన మనిషి. ఆవిడ దుబాసీ అని, మన ప్రభుత్వానికీ ఇంకో ప్రభుత్వానికీ మధ్య కూర్చుని ఒకరి మాట ఒకరికి చేర్చేవారని చాలామందికి తెలియదు. ఆ చర్చలు అణు విద్యుత్ కేంద్రాల్లో వాడేసిన ఇంధనం గురించి. దాన్ని ఇచ్చిన దేశం వెనక్కి తీసుకోవాలా, వాడుకున్న దేశమే దాచుకోవాలా అన్నది గొడవ. అవతలిది ఏ దేశమని ఎన్నిసార్లు అడిగినా "రష్యన్ మాట్లాడే దేశాలు చాలా ఉన్నాయమ్మా" అని నవ్వేసేవారు.

మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటి మనిషిని నేను. నాన్న పోర్టులో కళాసీ. నన్ను క్లాసులో చేర్చిన రోజు అమ్మ నేరుగా అడిగేసింది.

"ఏటి టీచరమ్మా, ఈ బాస నేర్సుకుని మా పిల్ల ఏటి సేత్తాది?"

"మీరూ, మీ మేడమీదావిడా మాట్లాడుకోవడం మానేశారుగా. అలాంటివాళ్ల మధ్య కూర్చుంటుంది."

అమ్మకి నవ్వాగలేదు. మేడమీదావిడది గోదావరి వైపు. వాళ్ల కూరగాయల తొక్కలు మా గుమ్మంలో పడుతున్నాయన్నది అమ్మ ఫిర్యాదు. టీచరుగారు ఆ గొడవనే మాకు పాఠం చేశారు. ఇద్దరినీ బతిమాలి క్లాసుకు పిలిచారు. చర్చల గదిలోలాగే రెండు కుర్చీలు ఎదురెదురుగా వేశారు. మధ్యలో, కాస్త వెనగ్గా ఒక స్టూలు. దుబాసీ చోటు ఎప్పుడూ అదేనట. అమ్మ అన్నది నేను స్టూలు మీద కూర్చుని రష్యన్‌లో చెప్పాలి. టీచరుగారు దాన్ని మళ్లీ తెలుగు చేసి మేడమీదావిడకి వినిపిస్తారు. దుబాసీ "ఆమె అంటోంది" అనకూడదు, "నేను" అనే చెప్పాలి.

"మీ సెత్త మా గుమ్మంలో ఏసీడానికి మీకు సిగ్గు నేదా?" అంది అమ్మ.

నేను రష్యన్‌లో చెప్పాను. టీచరుగారు మేడమీదావిడ వైపు తిరిగి, నేను చెప్పినంతే తెలుగు చేసి, "మా గుమ్మంలో చెత్త పడకుండా చూడమని కోరుతున్నాను" అన్నారు.

అమ్మ నన్ను పట్టేసింది. "నానన్న సిగ్గు మాటేదే? దార్లో పారేసీసేవేటి?"

"నాకు చేరిందండీ. మీ మొహం చూస్తేనే చేరింది" అన్నారు మేడమీదావిడ.

అందరూ వెళ్లాక టీచరుగారు తన సంగతి చెప్పారు. మొదటిసారి పెద్ద చర్చల్లో కూర్చున్నప్పుడు అవతలి అధికారి "ఆ చెత్త మా నేల మీదకి రాదు, ఎప్పటికీ రాదు" అన్నాడట. ఆవిడ జంకి "ప్రస్తుతానికి కష్టం" అని చెప్పారట. మనవాళ్లు ఆశపడి తర్వాతి విడతకి కాగితాలన్నీ సిద్ధం చేసుకొస్తే అవతలివాళ్లు తెల్లబోయారు. అప్పుడావిడ లేచి, పొరపాటు తనదని రెండు భాషల్లోనూ చెప్పి, మొదటి మాటను ఉన్నదున్నట్టు మళ్లీ వినిపించారు. ఆ తర్వాతి విడతలకు ఆవిడే కావాలని అడిగింది అవతలివాళ్లే.

"ఆ కోపం నాది కాదమ్మా. దాన్ని దాచే హక్కు నాకెక్కడిది? కాదన్నది కాదన్నట్టు చేరితేనే అసలు మాట మొదలవుతుంది" అన్నారు.

విందులకు ముందే ఇంత తినేసి వెళ్లేవారట, తన నోట్లో ముద్ద ఉంటే రెండు దేశాల మాటా ఆగిపోతుందని. చర్చల్లో రాసుకున్న కాగితాలు ఆ పూటే చింపేయాలి. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. కూరగాయల చీటీని కూడా గోరంత ముక్కలు చేసిగానీ పారేసేవారు కారు.

ఒక సాయంత్రం వాళ్ల డాబా మీద ఉన్నాం. మల్కాపురం వైపు రిఫైనరీ గొట్టం మీద మంట కనిపిస్తోంది. ఆవిడ దాన్నే చూస్తూ, "అది ఆర్పితే ఆరిపోతుంది. మేం మాట్లాడింది ఆర్పలేని వేడి గురించి. ఆ గదిలో వినిపించిన రెండు భాషల కన్నా దానికే ఆయుష్షు ఎక్కువ" అన్నారు. ఒక నిమిషం "మేం తీసుకోం" అని, మరు నిమిషం "మీరే తీసుకోవాలి" అని, రెండు ప్రభుత్వాలకూ ఒక్క గొంతే అయిన మనిషి నా పక్కన నిలబడి, తీగ మీద ఆరిన బట్టలు తీసి మడతపెడుతున్నారు.

మొన్న గది శుభ్రం చేయడానికి అమ్మ వెళ్లింది. పిలవకుండానే మేడమీదావిడా వచ్చారు. పని అయ్యాక ఇద్దరూ ఆ కుర్చీల్లోనే కూలబడ్డారు. నేను అలవాటుగా స్టూలు వైపు నడిచాను.

"నువ్వు తప్పుకోయే. మేం మాటాడుకుంటాం" అంది అమ్మ.

"తొక్కల సంగతి కూడా తేల్చేద్దామండీ" అన్నారు మేడమీదావిడ.

తేలలేదు. వాళ్ల గొంతులు మాత్రం వీధి చివరిదాకా వినిపించాయి.

వారంలో రెండు సాయంత్రాలు నేను పాఠం చెప్పగలను. ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్లు ఓడల్లో, యార్డుల్లో, ప్లాంటులో చాలామంది ఉన్నారు. ఒక్కొక్కరు ఒక్కో సాయంత్రం ఇస్తే ఆ గది తలుపు తెరిచే ఉంటుంది. ఈ నెల ఇరవై అయిదో తేదీలోగా ఈ పత్రిక ద్వారా నాకు జవాబు రాయండి. రాలేకపోతే రాలేననే రాయండి, మాట మెత్తబరచకండి. గది ఊడ్చినప్పుడు అమ్మ కుర్చీలు జరిపింది గానీ స్టూలును జరపలేదు. దాని చుట్టూ ఊడ్చింది.