లారీ అమ్మాయి పేరు కాదు

లారీ అన్నది అమ్మాయి పేరనీ, ఆ పేరుతో బండేదీ లేదనీ నా సొంత మనవరాలు నలుగురి ముందూ తేల్చేసింది. ఈ జన్మలో నాకు జరిగిన అన్యాయాల్లో దీన్ని మించింది లేదు.

ఆ రోజుల్లో (రెండు వేల ఎనిమిది ప్రాంతం, నాకు అరవై ఏడు, ఇప్పటి నన్ను చూసుకుంటే కుర్రతనమే) నేనూ మా ఆవిడా అమెరికాలో, క్యారీ అనే ఊళ్ళో మా అమ్మాయి ఇంట్లో ఉండేవాళ్ళం. బడిలో నేను చదివింది అయిదో తరగతి. తక్కిన చదువంతా తెనాలి లారీ ఆఫీసులో అయింది. పొద్దున్నే సరుకుకు రసీదులు రాయడం, మధ్యాహ్నం పని తెరిపిస్తే మూటల మీద కూర్చుని పాత ఇంగ్లీషు పేపరు పైకి చదవడం. అలా సంపాదించుకున్న ఇంగ్లీషులో తప్పు లేకుండా రాయడం వచ్చిన మొదటి మాట 'లారీ'. ఆఫీసు బోర్డు మీద రోజూ చూసేవాణ్ణి మరి. అటువంటి మాటను, హైవే మీద పోతున్న పెద్ద బండిని చూపించి నేను ముచ్చటగా పలికితే, వెనక సీట్లోంచి మూడో తరగతి పిల్ల, "తాతా, లారీ నా ఫ్రెండ్ నేమ్. షీ ఈజ్ ఎ గర్ల్! దట్స్ ఎ ట్రక్," అంది. కారంతా నవ్వు. మా ఆవిడ అందరికంటే ఆలస్యంగా మొదలుపెట్టి అందరికంటే ఎక్కువసేపు నవ్వింది (ఆవిడకు ఇంగ్లీషు రాదు, నా ముఖం చూసి నవ్వింది).

"ఇంగ్లీషు పుట్టింది ఇంగ్లండులో, మీ స్కూల్లో కాదు," అన్నాను.

"దెన్ గో ఆస్క్ దెమ్, తాతా," అంది.

ఆ వేసవిలో మా అల్లుడు నిజంగానే ఇంగ్లండుకు టికెట్లు బుక్ చేశాడు. పాత కోటలూ, పల్లెటూళ్ళూ చూపించడానికని అతని ఉద్దేశం. నా లెక్కలో మాత్రం అది పైకోర్టుకు అప్పీలు. అద్దె కార్లో ఊరూరా తిరిగాం. రాతి ఇళ్ళు, వాటి గోడల నిండా గులాబీలు, ఊరి మధ్య నల్లబడ్డ చర్చి. "నాన్నా, అటు చూడు, ఆ కోటలో రాజుగారు దాక్కున్నాడట," అంటుంది మా అమ్మాయి. "చూస్తున్నానమ్మా," అంటాను రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా. గొర్రెలు వచ్చాయి, ట్రాక్టర్లు వచ్చాయి, లారీ రాలేదు. వచ్చినా, దాన్ని ఆ పేరుతో పిలిచే ఇంగ్లీషు మనిషి పక్కన ఉండాలి కదా. ఒకచోట బంకు మీద 'పెట్రోల్' అని బోర్డు కనిపిస్తే, "చదువమ్మా, మీ అమెరికాలోలా గ్యాస్ అని ఉందేమో!" అన్నాను. "ఫైన్, వన్ పాయింట్," అంది మూతి ముడిచి. ఆ ఆనందం సాయంత్రం దాకా నిలవలేదు. మేం దిగిన బసలో యజమానితో, సామాను డిక్కీలో ఉందని నేను ఇంగ్లీషులో చెబితే ఆయన నా మెడ వంక చూశాడు (అక్కడ డిక్కీ అంటే మెడకు కట్టుకునే టై అట). "ట్రంక్!" అని సర్దింది పిల్ల (అమెరికాలో డిక్కీకి అదే పేరు). ఆయన దానికీ బిత్తరపోయి, చివరికి, "ఓ, బూట్!" అన్నాడు. కాలికి తొడుక్కునేదాంట్లో పెట్టెలేమిటని ఆ ఒక్క పూటా మేమిద్దరం ఒకే పార్టీ అయ్యాం.

ఆఖరి రోజున ఒక పాత జమీందారీ భవనానికి వెళ్ళాం. ఏదో పెళ్ళి కాబోలు, గేటు లోపల పెద్ద బండిలోంచి కుర్చీలు దించుతున్నారు. టికెట్ల బల్ల దగ్గర తెల్లజుట్టు పెద్దావిడ. "హాయ్ మ్యామ్, హౌ ఆర్ యూ డూయింగ్ టుడే?" అని పలకరించి, 'వాడర్' అడిగి గ్లాసుడు మంచినీళ్ళు తాగి, "ఆ బండిని మీరేమంటారు?" అన్నాను.

"అదా? లారీ," అందావిడ.

తెనాలిలో మా ఆఫీసు బోర్డు కళ్ళ ముందు మెరిసింది. పిల్ల నా చెయ్యి పట్టుకుని, "ఓకే తాతా, యూ విన్," అంది. "గెలిచారుగా, ఇంక పదండి," అంది మా ఆవిడ. వింటే బాగుండేది. "ఉండవే," అని పెద్దావిడ వైపు తిరిగి, "మా ఇద్దరి మాటా విన్నారు కదా. అసలైన మీ ఇంగ్లీషు నాదా, ఈ అమెరికా పిల్లదా? మొహమాటం లేకుండా చెప్పండి," అని అడిగాను.

ఆ పిల్ల ఇప్పుడు కాలేజీలో ఉంది. నాతో కార్లో వెళ్తుంటే పెద్ద బండి కనిపించినప్పుడల్లా, "తాతా, లారీ!" అంటుంది. పరధ్యానంలో ఉంటే నేనే, "ఎక్కడ, ఆ ట్రక్కా?" అంటుంటాను. అప్పుడు, ఆ బల్ల ముందు ఛాతీ విరుచుకుని నిలబడ్డ అరవై ఏడేళ్ళ కుర్రాడు గుర్తొచ్చి నవ్వుకుంటాను. వాడికి దొరికిన తీర్పు ఇది: "మీరిద్దరూ ఎంత ముచ్చటగా ఉన్నారండీ! ఇద్దరిదీ ఒకటే యాస. అమెరికాలో ఏ ఊరు మీది?"