పొత్తికడుపు మీద చెయ్యి

చిత్తూరు నుంచి తిరుపతి వెళ్లే బస్సులో నా పక్కన మాస్కు కట్టుకున్న మనిషి కూర్చున్నాడు. బస్సు గతుకుల్లో ఎగిరినప్పుడల్లా పొత్తికడుపుకు అరచెయ్యి అడ్డం పెట్టుకుంటున్నాడు. నొప్పా అని అడిగాను.

“లేదన్నా. ఈడ మాయమ్మ నాకిచ్చిన కిడ్నీ ఉండాది. ఆమె పోయినా ఇది బతికే ఉండాది. దీనికోసం మింగే మాత్రలతో రోగాల్ని తట్టుకునే శక్తి తగ్గిపోతాదంట, దగ్గూ జొరం అంటకుండా టీకా ఏసుకోమని డాక్టరమ్మ ఒకటే పోరు. ఆస్పత్రి గేటు దాకా పోయి తిరుక్కోని వచ్చేసినా. ఆ సూదికి ఒళ్లు రేగి, దీన్ని పరాయిదని తోసేస్తే? అమ్మ రెండోసారి పోతాది గదా!”

డాక్టరు మాట వినమని చెప్పబోయాను. పూతలపట్టు దగ్గర కిటికీలోంచి దుమ్ము కొట్టి, మాటకు బదులు దగ్గొచ్చింది. ఎంతకూ ఆగలేదు.

అతను ఉలిక్కిపడి లేచాడు. పొట్ట మీది చెయ్యి తియ్యకుండానే, “ఆపప్పా, బస్సాపు!” అంటూ ముందుకు పరుగెత్తాడు. తిరుపతికి టికెట్టు తీసుకున్న మనిషి నడిరోడ్డు మీద దిగిపోయాడు.

ఇప్పటికీ బస్సులో గొంతు గరగరలాడితే నాకు భయమేస్తుంది.