సొలొమన్ సాబ్ మట్టిలో పెట్టిన మూట

పదేళ్లకు పైగా ఒక మూట మోస్తున్నాను. పిడికెడు కాగితప్పొడి, అంతే. అయినా దించుకోలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకే చెబుతున్నాను. తెలిసినవాళ్ల ముందు నోరు పెగలదు.

నాది జహీరాబాద్‌లో బైండింగ్ దుకాణం. డెబ్బైల చివర్లో సొలొమన్ సాబ్ తన తాత రాసిన పుస్తకం కట్టమని తెచ్చాడు. ఆయన ఫ్యాక్టరీలో ఫిట్టరు. బొంబాయి వైపు యూదుడు. మా ఊళ్లో వాళ్ల మతంవాడు ఆయనొక్కడే. చనిపోయినవాళ్ల కోసం చేసే ప్రార్థనకు పదిమంది మగవాళ్లుండాలని వాళ్ల నియమం. ఎవరూ లేనిచోట ఒక్కడు చేసినా చెల్లుతుందని ఆ తాత మరాఠీలో రాశాడట. పెద్దలు మండిపడి ప్రతులన్నీ ఏరి మాయం చేశారట. మిగిలింది ఇదొక్కటే. ఆ మాట మీద నమ్మకంతోనే సొలొమన్ సాబ్, భార్య పోయిన రోజున ఏటా ఒంటరిగా ప్రార్థన చేసుకునేవాడు.

ఓ మధ్యాహ్నం బొంబాయి నుంచి వాళ్ల పెద్దమనిషి ఒకాయన ఆ పుస్తకాన్ని వెతుక్కుంటూ నా దగ్గరికి వచ్చాడు. అది జనాన్ని తప్పుదోవ పట్టిస్తుందన్నాడు. నాలాంటి వివేకవంతులే ఆలోచించాలన్నాడు. నన్ను ‘జనాబ్’ అన్నాడు. అంతవరకు ఊళ్లో అందరికీ నేను ‘ఓ బైండింగ్’నే. ఒక్క పిలుపుకే పొంగిపోయి ఇచ్చేశాను. బెదిరించినా బాగుండేది, భయపడ్డానని చెప్పుకునేవాణ్ని.

సాయంత్రం సొలొమన్ సాబ్ వస్తే చెదలు తినేశాయన్నాను. పుస్తకాలు కట్టేవాణ్ని కదా, కట్టుకథ కూడా గట్టిగానే కట్టాను.

“ఒక్క కాయితం గూడ మిగల్లేదా, భాయ్?”

“లేదు సాబ్.”

“గా పొడి అన్న ఇయ్యి. దేవుని పేరున్నది. పారెయ్యొద్దు, మన్నుల పెట్టాలె.”

ఇది నేను అనుకోలేదు. లోపలికి వెళ్లి, నిజంగానే చెదలు తిన్న ఓ స్కూలు హాజరుపట్టీ పొడిని తెల్లగుడ్డలో మూటగట్టి ఇచ్చాను. బొంబాయి బస్సు రాత్రికే, ఆ పెద్దమనిషి ఇంకా బస్టాండులోనే ఉన్నాడు. అప్పుడైనా ఎందుకు చెప్పలేదు? పరుగెత్తి తెచ్చి ఉండొచ్చు కదా?

సొలొమన్ సాబ్ కోహీర్ రోడ్డు పక్కన గుంట తీశాడు. తోడుగా నన్నూ రమ్మన్నాడు. ఏ పిల్లల హాజరో, మనిషిని పెట్టినంత మెల్లగా మట్టిలో పెట్టాడు. ప్రార్థన మొదలుపెట్టి ఆగిపోయాడు.

“ఒక్కడు జేసినా చెల్తదని తాత రాసిండు. ఇగ ఎవరికి చూపెట్టాలె?”

ఆయన ప్రార్థనకు పెట్టుకున్న టోపీ తీసి జేబులో పెట్టుకున్నాడు.

ఆ ఏడు భార్య పోయిన రోజున ఆయన ప్రార్థన చేయలేదు. మరుసటేడూ చేయలేదు. ఎనభైల్లో ఊరొదిలి ఎటో వెళ్లిపోయాడు. వెళ్లేముందు నా దుకాణంలో కూర్చుని చాయ్ తాగాడు. అప్పుడూ చెప్పలేదు.

క్షమించమని అడగడానికి మీరు ఆయన కాదు. మీతో అనడం మాత్రం అంటాను: పుస్తకాన్ని చెదలు తినలేదు, సాబ్. నేనే ఇచ్చాను.

ఈ రెండు ముక్కలు రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. రాశాక చేయి కాస్త తేలికైంది. చేయి మాత్రమే.