ఎడమ వరస

లెక్కల మేడమ్‌కు గర్వమని క్లాసులో సగం మంది అనేవారు. మిగతా సగం, అంత మంచి టీచరు ఎక్కడా దొరకదనేవారు. ఎవరూ అబద్ధమాడలేదు, చిక్కంతా అక్కడే ఉంది.

పరీక్షలకు రెండు నెలల ముందు పిల్లలు పేర్లు రాయకుండా టీచర్లకు మార్కులు వేస్తారు. వాటిని బట్టే మేడమ్ ఉద్యోగం మరో ఏడాది సాగాలి. ఈసారి ప్రిన్సిపాల్ మొహమాటం లేకుండా చెప్పేశాడు.

"ఇరవై మంది అయిదుకు అయిదేశారు, ఇరవై మంది ఒకటేశారు. అడిగితే పలకరట, పట్టించుకోరట. నెల తర్వాత మళ్లీ రాయిస్తాను. అప్పుడూ ఇంతే అయితే నేనేం చేయలేను."

స్టాఫ్ రూములో కళ్లు తుడుచుకుంటున్న మేడమ్ ముందు అటెండరు బాబాయ్ టీ గ్లాసు పెట్టాడు.

"ఏమనుకోకండమ్మా. ఆ కాగితాలు బెంచీల వరసన నేనే పోగుచేశాను. ఒకట్లన్నీ మీ ఎడమ పక్కవే. మీకు ఆ చెవి వినపడదు కదా? మూడేళ్లుగా నేను టీ తెచ్చేది కుడి పక్కనుంచే. మీరు గమనించలేదా?"

గమనించలేదు. గుట్టు బయటపడినందుకు సిగ్గుపడాల్సింది పోయి, మేడమ్ ఆయన చేతులు పట్టుకుని ఏడ్చేసింది.

ఆవిడ పదేళ్లు రేకుల ఫ్యాక్టరీలో ప్రెస్సు మిషను దగ్గర నిలబడి, సాయంత్రాలు చదువుకుంది. మిషను మోతకే ఎడమ చెవి పోయింది. అక్కడ ఎవరి మాటా వినపడదు, తలొంచుకుని పని చేసుకోవడమే. ఆ అలవాటే క్లాసులోకీ వచ్చింది. పెద్ద చదువుల వాళ్ల మధ్య చులకనవుతానని ఫ్యాక్టరీ సంగతీ, చెవి సంగతీ కడుపులో దాచుకుంది.

మర్నాడు చాక్‌పీసు పక్కన పెట్టి అంతా చెప్పేసింది. "మీరు అడిగింది నాకు వినపడలేదురా. దాచడం నా తప్పే."

ఎడమ వరస చివరి బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది. మొదటి వారంలో మూడుసార్లు అడిగి, ఇక అడగడం మానేసిన పిల్ల. పుస్తకం పట్టుకుని బెంచీలన్నీ చుట్టి వచ్చి మేడమ్ కుడి పక్కన నిలబడింది.

"మొదటి పాఠంలో మూడో లెక్క మేడమ్. ఇంకా అర్థం కాలేదు."

నెల తర్వాత రాసిన కాగితాల్లో ఒకటి మార్కు ఒక్కటే మిగిలింది. దాని కింద, "హోంవర్కుతో చంపేస్తున్నారు" అని రాసి ఉంది. ఉద్యోగం నిలిచిందని ప్రిన్సిపాల్ చెబుతున్నా వినకుండా మేడమ్ ఆ కాగితమే చూస్తూ పకపకా నవ్వింది. అన్నేళ్లలో తన చెవికి కాక తన పాఠానికి పడిన ఒకటి అదే మరి.