తాళం వేసిన తోలుసంచి

మొన్న మా అల్లుడు ఫోన్ చేసి, గిటారుకు తోలుసంచి కొనాలనుకుంటున్నానని, ఎలాంటిది చూసుకోవాలో చెప్పమని అడిగాడు. నలభై దాటాక అతనికి గిటారు మీద మనసు పోయింది. పాపం, వేళ్ళు ఇంకా బొబ్బలెక్కే దశలోనే ఉన్నాయి గానీ సంచి మాత్రం మేలైనది కావాలట. నాలుగైదు బొమ్మలు పంపించాడు. ఒక్కో సంచి కింద కొన్నవాళ్ళ అభిప్రాయాలు ఉన్నాయి. ఒకాయన మెత్తగా ఉందని మెచ్చుకుంటే, ఇంకొకాయన తోలు వాసన వస్తోందని తిట్టాడు. తోలుసంచికి తోలు వాసన రాకపోతే మల్లెపూల వాసన వస్తుందా? నాకు తెలిసినంతలో చెప్పాను. తోలు మూల పట్టుకుని మడిచి చూడు, మడత దగ్గర పగుళ్ళు కనిపిస్తే వద్దు. కుట్టు రెండు వరసలు ఉండాలి. లోపల గిటారు తల కింద దిండు ఉండాలి. ఇనుప వస్తువేదీ చెక్కకు తగలకూడదు. అతను శ్రద్ధగా విన్నాడు. ఒక్క సంగతి మాత్రం అతనికి చెప్పలేదు. నా జన్మలో కొన్న ఒకే ఒక్క తోలుసంచిని నేను గిటారు మీద ప్రేమతో కొనలేదు. మా అన్న మీద పగతో కొన్నాను. ఆ సంచిని ఎంపిక చేసింది మా అత్త.

అప్పుడు మేము తిరుపతిలో తేరు తిరిగే వీధి పక్కన ఒక సందులో ఉమ్మడిగా ఉండేవాళ్ళం. ఎనభైలు మొదలవుతున్న రోజులు. పెదనాయన గుడి సేవలో ఉండేవాడు. మా నాయన బడిపంతులు, తన అన్న ఎంత చెబితే అంత. వాళ్ళిద్దరి చెల్లెలు మా అత్త. చిన్న వయసులోనే భర్త పోతే పుట్టింటికి వచ్చేసి, పెరట్లో కుట్టుమిషను పెట్టుకుని వీధిలోని ఆడవాళ్ళందరికీ రవికలు కుట్టేది. పెదనాయన పెద్దకొడుకు, అంటే మా అన్న, ఒక ఆర్కెస్ట్రా నడిపేవాడు. పట్టు చొక్కా, మోచేతి దాకా సెంటు, మాటకు ముందు నవ్వు. చుట్టుపక్కల సత్రాల్లో పెళ్ళయితే వాడి పాటకచేరీ ఉండాల్సిందే. గుడి సేవ చేసే ఇంట్లో సినిమా పాటలేమిటని పెదనాయన మొదట్లో గొణిగినా, ఊళ్ళో పెద్దమనుషులు కొడుకు భుజం తట్టడం చూశాక ఆ గొణుగుడు ఆగిపోయింది.

నా గిటారు రేణిగుంట నుంచి వచ్చింది. అక్కడ రైల్వే క్వార్టర్సులో ఒక ఆంగ్లో ఇండియన్ గార్డు ఉండేవాడు. నేను కాలేజీలో చదువుతూ ఆదివారాలు ఆయన దగ్గరకు వెళ్ళి నేర్చుకునేవాణ్ణి. ఆయన వరండాలో ఎప్పుడూ ఉల్లిపాయలు వేగుతున్న వాసన, కుక్క గురక, దూరంగా ఇంజన్లు మార్చే చప్పుడు. ఉద్యోగం అయిపోయి ఆస్ట్రేలియాలో ఉన్న కూతురి దగ్గరికి పోతూ, వానకూ వెధవలకూ దూరంగా ఉంచమని చెప్పి గిటారు నా చేతిలో పెట్టాడు. దానికి పెట్టె లేదు. అత్త తన పాత బొంత ఇస్తే అందులో చుట్టి, తాడు కట్టి, దూలానికి వేలాడదీసేవాణ్ణి. వాన బారిన పడకుండా చూసుకోగలిగాను. ఆయన చెప్పిన రెండోది మా ఇంట్లోనే ఉంది.

ఒకరోజు కాలేజీ నుంచి వచ్చేసరికి బొంత లేదు, గిటారు లేదు. కార్వేటినగరంలో ఎవరిదో పెళ్ళికి, ఇంకో గిటారు ఉంటే మేలని అన్న తీసుకుపోయాడని తెలిసింది. నన్ను అడగలేదు. మర్నాడు బొంత గోడకు ఆనించి ఉంది. కట్టిన తాడు కట్టినట్టే ఉంది. విప్పితే గిటారు మెడ విరిగి, తల తీగలకు వేలాడుతోంది. కోడిని మెడ తిప్పి పడేసినట్టు ఉంది. నేను దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆ మధ్యాహ్నం ఇంట్లో ఏదో వ్రతం, బంధువులంతా పంక్తిలో భోజనాలు చేస్తున్నారు. నేను వెళ్ళి అన్నను అడిగాను. వాడు పప్పులో నెయ్యి కలుపుకుంటూ, నా వైపు కూడా చూడకుండా పంక్తికంతా వినబడేట్టు చెప్పాడు.

"బొంతలో చుట్టిపెడితే అది గిటారో, పరుపు చుట్టో ఎవురికి తెలుస్తాదప్పా? వ్యానులో ఎవురో దాని మీద కూచున్నారు. ఒక మంచి సంచి కొనుక్కోలేనోడికి గిటారెందుకు?"

పంక్తి అంతా నవ్వింది. పెదనాయన నవ్వాడు. మా నాయన కూడా, తన అన్న నవ్వాడు కదా అని, కొంచెం నవ్వాడు. వడ్డిస్తున్న అత్త ఒక్కతే నవ్వలేదు. సాంబారు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఆమె ఎందుకు నవ్వలేదో నాకు తెలుసు. అంతకు ఏడాది ముందు బంధువుల పెళ్ళిలో ఆమె ఒక కీర్తన పాడింది. అత్త గొంతు గొప్పది కాదు గానీ నికరమైనది, కుట్టు వేసినట్టు తిన్నగా సాగేది. మైకు ముందు పాడటం ఆమెకు అదే మొదలు. రెండో చరణం దాకా వచ్చిందో లేదో, అన్న తన కచేరీకి ఆలస్యమవుతోందని మైకు ఆపేయించాడు. మైకులో తన గొంతు ఆగిపోయిందని ఆమెకు కాసేపు తెలియలేదు. కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతూనే ఉంది. ముందు వరసలో ఆడపిల్లలు కిసుక్కుమన్నాక కళ్ళు తెరిచింది. ఆ తర్వాత ఆమె మిషను దగ్గర కూడా కూనిరాగం తీయలేదు.

భోజనాలయ్యాక పెరట్లో నేను గిటారు మెడను పట్టుకుని, వాణ్ణి ఏం చేయాలో ఆలోచిస్తుంటే ఆమె వచ్చి పక్కన కూర్చుంది. వాడి హార్మోనియం తిత్తి కోసేస్తానన్నాను ఆమెతో. "కోస్తే అతుకేసుకుంటాడు. వాడికి మనము అవసరమయ్యే రోజొకటి వస్తాది, అప్పుడు సూద్దాం. మొదట సంచి. తర్వాత వాడు," అంది అత్త.

చిత్తూరులో వయొలిన్లు బాగుచేసే ఒకాయన మెడ అతికించి ఇచ్చాడు. స్వరం తిరిగొచ్చింది, మచ్చ ఉండిపోయింది. అక్కడి నుంచే వేలూరు బస్సెక్కాము. మా ప్రాంతంలో మేలైన తోలు కావాలంటే సరిహద్దు దాటి అరవ దేశానికి పోవాల్సిందే. తోలు అంగళ్ళ సందులోకి అడుగుపెట్టగానే ఆ వాసన ముఖం మీద కొట్టింది. అత్త మడిచీరలోనే వచ్చింది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, రెండో చేత్తో తోళ్ళు తడిమి చూస్తూ అంగడి అంగడీ ఎక్కి దిగింది. రైల్వేవాళ్ళకు పరుపుసంచులు, పోలీసులకు బెల్టులు కుట్టే ఒక సాయిబు అంగట్లో చివరికి కూర్చుంది. ఆయన ముందు గొర్రెతోలు చూపించాడు, వెన్నలాగా ఉంది. అత్త గోటితో గీసింది, గీత పడింది. పక్కన పెట్టేసింది. ఎద్దుతోలు తీశాడు. గట్టిదే గానీ నేను మోసుకుని తిరగలేనంత బరువు. తర్వాత తంగేడు బెరడుతో పదును చేసిన దూడతోలు పరిచాడు. తేనె రంగు. అత్త మూల మడిచింది, విప్పింది, వెలుగుకు పట్టి చూసింది, చెంబులో నీళ్ళు వేలితో చల్లి అవి ఇంకుతాయో జారుతాయో చూసింది. చుక్కలు జారిపోయాయి.

"ఇది కుట్టు. దారానికి మైనం పూసి, రెండు వరసలు వెయ్యి. లోపల మఖమల్ గుడ్డ. తల కింద దిండు పెట్టల్ల, మెడ ఇంగొకసారి విరగగూడదు," అంది.

"జిప్పు పెడతామమ్మా?" అన్నాడు సాయిబు.

"జిప్పు ఎవుడైనా లాగుతాడు. ఇత్తడి బకిల్సు పెట్టు. పైన ఒక తాళం."

"సంచికి తాళమా? లోపల ఏమి ఉండాది తల్లీ?"

"మా ఇంటి మర్యాద," అంది అత్త.

సంచి తయారయ్యాక ఇంటికి తెస్తే గడప దగ్గర పెదనాయన అడ్డుపడ్డాడు. ఆచారమున్న ఇంట్లోకి తోలు తెస్తారా అన్నాడు. అత్త గొంతు పెంచలేదు. "గుడిలో మృదంగానికి మూసేది ఏందన్నా, అరిటాకా?" అని అడిగి, సంచిని లోపలికి తీసుకుపోయి తన మిషను పక్కన చిలక్కొయ్యకు తగిలించింది. తాళంచెవి తులసిపూసల దండలో గుచ్చుకుంది. నేను రోజూ ఆమెను అడిగి గిటారు తీయించుకుని సాధన చేసేవాణ్ణి. ఆ నెలల్లో నేను వాయించిన ప్రతి పాటా అన్న కచేరీలో వాయించే పాటే.

మేము ఎదురుచూసిన రోజు మరుసటి మాఘంలో వచ్చింది. ఒక లారీల యజమాని కూతురి పెళ్ళి, తిరుపతిలో పెద్ద సత్రం, ఊళ్ళో పేరున్నవాళ్ళంతా వచ్చే కచేరీ. సరిగ్గా అప్పుడే అన్న గిటారిస్టు సినిమాల్లో అవకాశమని మద్రాసు వెళ్ళిపోయాడు, గిటారుతో సహా. అన్న పెరట్లోకి వచ్చి నిలబడ్డాడు. మొదటిసారి వాడి ముఖంలో నవ్వు లేదు.

"గిటారు ఇయ్యప్పా. వాయించేదానికి మనిషిని పిలిపించుకుంటా."

"తాళంచెవి అత్త దగ్గర ఉండాది," అన్నాను.

అత్త మిషను తొక్కడం ఆపకుండానే చెప్పింది. "గిటారు రావల్లంటే వీడు రావల్ల. వీడు రావల్లంటే నేను రావల్ల. కచేరీకి ముందర నా కీర్తన ఉండల్ల. నువ్వు హార్మోనియం పట్టల్ల."

వాడు పళ్ళు బిగబట్టి సరేనన్నాడు.

ఆ సాయంత్రం సత్రమంతా మల్లెపూలు, నేతి వాసన, పిల్లల కేకలు. అత్త మైకు ముందు కూర్చుంది. వాడు హార్మోనియం ముందు. ఆమె ఈసారి కళ్ళు మూసుకోలేదు. వాడినే చూస్తూ పాడింది. పల్లవి, చరణాలు, మళ్ళీ పల్లవి, పాడిన చరణమే మళ్ళీ. వాడు తొందరపెడితే ఆమె ఇంకా నెమ్మదించింది. వాడి నుదుటి మీద చెమట పట్టింది. పాట అయ్యాక ముందు వరసలో ఒక ముసలావిడ కళ్ళొత్తుకుంది, జనం చప్పట్లు కొట్టారు. అంతటితో సరిపెట్టుకోవచ్చు కదా అని తర్వాత చాలామంది అన్నారు. అత్త పగ తీరింది, నాది తీరలేదు.

కచేరీలో మొదటి పాట గిటారుతోనే మొదలవ్వాలి. అన్న పాటను పరిచయం చేసి, జనం వైపు చేతులు చాపి, నా వైపు తిరిగి తల ఊపాడు. నేను గిటారును సంచిలో పెట్టాను. తలను దిండు మీద సర్దాను. బకిల్సు ఒక్కొక్కటే బిగించాను. మైకు దగ్గరగా ఉండడంతో కొత్త తోలు కిర్రుమనే చప్పుడు సత్రమంతా వినబడింది. అన్న చెయ్యి గాలిలో అలాగే ఉండిపోయింది.

"ఏమిరా ఇది?" అన్నాడు.

నేను మైకులోనే జవాబు చెప్పాను. "ఈ గిటారు మీద ఎవురో కూచున్నారంట అన్నా. ఇంగ నీకు పలకదు."

అత్త తాళం వేసింది. సంచి వీపుకు తగిలించుకుని, ఆమె వెనకాల, కుర్చీల మధ్య నుంచి నడిచి బయటికి వచ్చాను. వెనక కచేరీ గిటారు లేకుండానే మొదలై, తడబడి, ఆగి, మళ్ళీ మొదలైంది. వీధి దాటేదాకా ఆ తడబాటు వింటూనే నడిచాము. అత్త కూనిరాగం తీస్తోంది.

ఆ తర్వాత వాడికి పెద్ద కచేరీలు రాలేదు. రెండేళ్ళలో ఆర్కెస్ట్రా మూసేశాడు. కథలయితే ఇక్కడ ఆగుతాయి. మా అన్న మాత్రం మైకుసెట్లు, షామియానాలు అద్దెకిచ్చే వ్యాపారం పెట్టి నిజంగానే బాగుపడ్డాడు. మేడ కట్టాడు. నేను బ్యాంకులో గుమాస్తాగా చేరి, చిత్తూరు, మదనపల్లె తిరిగాను. వాడి బాగు నాకు ఇప్పటికీ మింగుడు పడదు. చాలా ఏళ్ళకు అత్త మంచాన పడితే వాడు పళ్ళు తీసుకుని చూడవచ్చాడు. "ముసిలోళ్ళమైపోయినాము అత్తా, అవన్నీ ఇంగ ఎందుకు?" అన్నాడు. అత్త పళ్ళు తీసుకుంది. ఒకటి ఒలిపించుకుని తింది కూడా. "నేను మరిచిపోయినానని నీకెవురు చెప్పినారు రా?" అని మాత్రం అడిగింది. వాడు లేచి వెళ్ళిపోయాడు. ఆమె పోయినప్పుడు వాడే ముందుండి అన్నీ చూసుకున్నాడు. నేను పక్కనే నిలబడ్డాను. మాట్లాడలేదు.

కాలం అన్నిటినీ తీసుకుపోతుందంటారు. నా దగ్గర నుంచి చాలానే తీసుకుపోయింది, వేళ్ళలో వేగాన్ని, చెవిలో సగం వినికిడిని, నా అనుకున్న మనుషుల్ని ఒక్కొక్కరినే, వేటికీ నన్ను అడగలేదు. కోపం ఒక్కటే అది తనంతట తాను తీసుకోదు, మనమే ఇవ్వాలి. నేనింకా ఇవ్వలేదు.