ముల్లు కదలని నాలుగు నెలలు

ఆ బడిలో నర్సమ్మకి పిల్లలు చాటుగా పెట్టుకున్న పేరు తూకమత్త. అది చెవిన పడినప్పుడల్లా ఆవిడ ముసిముసిగా నవ్వుకునేది. ఈమధ్య మాత్రం ఆ నవ్వు కూడా రావడం లేదు.

వయసుకి మించి బరువున్న పద్నాలుగు మందిని పోగేసి, రోజూ మొదటి గంటకి ముందు మైదానం చుట్టూ తనతో నడిపిస్తోంది. నెలకోసారి తూకం. తగ్గినవాళ్ల పేరు జాబితాలోంచి కొట్టేసి, ఇంటికి శుభవార్త రాయాలన్నది ఆవిడే పెట్టిన నియమం. నాలుగు నెలలైనా ఒక్క పేరు కొట్టే భాగ్యం కలగలేదు. విచిత్రమేమిటంటే పిల్లలు బెల్టులు బిగించుకుంటున్నారు, గౌన్లు వదులవుతున్నాయి, ముల్లు మాత్రం మొండికేసింది.

"ఈసారీ ఇంతే అయితే ఆపేద్దామమ్మా. మైదానం ఆటల మాస్టారు అడుగుతున్నారు," అంది హెడ్మిస్ట్రెస్.

నర్సమ్మ ప్రాణం ఉసూరుమంది. ఆ నడకంటే ఆవిడకి అంత ఇష్టం. ముందు యంత్రాన్ని అనుమానించింది. రెండు కిలోల పంచదార ప్యాకెట్టు పెట్టి చూస్తే అక్షరాలా రెండు కిలోలే చూపించింది. తర్వాత భోజనాల గదిలో కూర్చుని ఎవరేం తింటున్నారో పోలీసులా కాపు కాసింది. అక్కడా ఏమీ దొరకలేదు.

తూకం రోజు వచ్చింది. ఏడో తరగతిలో ఒక ప్రశ్నలపుట్ట ఉంది. చెమట ఉప్పగా ఎందుకుంటుంది, మోకాలు టకటకమని ఎందుకంటుంది అని నడిచినంతసేపూ చంపుకు తినే పిల్ల. ఆ వేళ నోరు మెదపకుండా ఎక్కి, దిగి, పరుగందుకుంది. ఆ వెనకే ఇంకొకరు, ఇంకొకరు. అంకెలు రాసుకునే హడావిడిలో ఇన్ని నెలలూ తలెత్తి చూడని నర్సమ్మ, ఈసారి గుమ్మంలోకి వెళ్లి చూసింది. తూగినవాళ్లంతా మరుగుదొడ్ల ముందు కాళ్లు మెలేసుకుని నిలబడి ఉన్నారు. గోడ వారన ఖాళీ నీళ్లసీసాల వరస.

గంట ఆగి ప్రశ్నలపుట్టని మళ్లీ తూకం వేసింది. కిలో తక్కువ!

"ఎన్ని నీళ్లు తాగావే?"

"రెండు సీసాలండీ. మొదటి నెల ఒక గ్లాసు సరిపోయింది. అందరం తాగుతాం."

"అన్నేసి నీళ్లు ఒక్కసారే తాగితే ప్రాణం మీదికొస్తుందే తల్లీ! ఎందుకు చేశారీ పని?"

"తగ్గితే పేరు కొట్టేస్తారుగా తూకమత్తా," అని నాలిక్కరుచుకుంది. "మరి మాతో ఎవరు నడుస్తారు?"

తప్పు యంత్రంలో లేదు, పిల్లల్లోనూ లేదు. హెడ్మిస్ట్రెస్‌కి ఇవ్వాల్సిన నివేదికలో నర్సమ్మ 'కారణం' అన్నచోట 'నేను పెట్టిన నియమం' అని రాసి, దానికింద పద్నాలుగు మంది అసలు బరువులూ మర్నాడు చూసి రాస్తానని చేర్చింది. గోడమీది జాబితాలో ఆ నియమాన్ని ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసింది.

పిల్ల అది రెండుసార్లు చదువుకుంది. "అయితే తగ్గినా రావచ్చా?"

"తగ్గినా రా, పెరిగినా రా," అంది నర్సమ్మ. "నీళ్లు మాత్రం దాహమేస్తేనే తాగు."