ఇరవై దాకా లెక్క

పొద్దున్నే మా వాష్‌బేసిన్ దగ్గర పసిపిల్లల సబ్బు వాసన వస్తుంది. ఇంటికి కొత్తగా వచ్చినవాళ్లు ఈ ఇంట్లో చంటిపిల్లలెవరబ్బా అని అటూ ఇటూ చూస్తారు. ఎవరూ లేరు. యాభై దాటిన లెక్కల మాస్టారు ఒకడున్నాడు. నిద్రలో ముక్కుకు తగిలించుకునే గాలి మిషను మాస్కును గోరువెచ్చని నీళ్లలో ఆ సబ్బుతో రోజూ కడిగి, దులిపి, బాల్కనీ తీగకు క్లిప్పు పెట్టి ఆరేస్తాడు. ఆ వాసన తగిలినప్పుడల్లా నాకు యాదమ్మగారి గొంతు వినిపిస్తుంది: "సారూ, ఎండల ఎయ్యకు, నీడకు ఎయ్యి. రబ్బరు ఖరాబైతది." ఆమె పోయి ఏళ్లయింది. నేను మాత్రం ఇప్పటికీ క్లిప్పును ఒక జానెడు నీడలోకి జరుపుతాను.

యాదమ్మగారిని మీరెవరూ ఎరగరు. కొత్తపేటలో రైతుబజారు వెనక సందులో మేము పైన అద్దెకుండే ఇల్లు ఆమెది, కింది వాటాలో ఆమె ఉండేవారు. నల్లగొండ దగ్గర పల్లె నుంచి వచ్చి, సర్కారు దవాఖానలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి, హెడ్ నర్సుగా రిటైరయ్యారు. భర్త లేరు, పిల్లలు లేరు. సందు మొత్తానికీ ఆమె సిస్టరమ్మ. జ్వరమొస్తే ఆమె, నొప్పులొస్తే ఆమె, ఆఖరికి మొగుడూ పెళ్లాలు తగువాడుకున్నా ఆమే. తెలంగాణ ఉద్యమం ఉడుకు మీదున్న రోజులవి. పొద్దున రెండిళ్లలో బీపీ చూసి, పదింటికల్లా చెప్పులేసుకుని దీక్షా శిబిరానికి వెళ్లిపోయేవారు. "మాది మాకియ్యమని అడుగుతున్నం, అంతే గదా" అనేవారు, కూరగాయల బేరం అడిగినంత మామూలుగా.

నేనా, తెనాలి నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పుకునేవాణ్ణి. ఆ రోజుల్లో నాబోటివాళ్లం కొంచెం గొంతు తగ్గించి మాట్లాడేవాళ్లం. నన్నెవరూ ఒక్క మాట అనలేదు. అయినా ఆటో ఎక్కితే "ఏంటండీ" అనబోయి సగం మింగేసేవాణ్ణి. నిజం చెప్పొద్దూ, ఉద్యమం రాకముందూ నేనంతే. హోటల్లో కాఫీలో చక్కెర వెయ్యడం మరిచిపోతే చేదుగానే తాగి వచ్చేసే రకం. నోరు మంచిదైతే ఊరు మంచిదని మా అమ్మ నేర్పింది. నోరే లేకపోతే ఇంకా మంచిదని నేను అర్థం చేసుకున్నాను.

ఒకరోజు మధ్యాహ్నం క్లాసు ముగించుకుని వచ్చి, మెట్ల మీద కూర్చుని బూట్లు విప్పుతూ అలాగే నిద్రపోయాను. కళ్లు తెరిచేసరికి ఒక బూటు చేతిలో ఉంది. ఎదురుగా యాదమ్మగారు నడుం మీద చెయ్యి పెట్టుకుని చూస్తున్నారు.

"అర్ధగంట సంది చూస్తున్న సారూ. గురక పెడ్తవ్. గురక ఆగుతది, ఊపిరి గూడ ఆగుతది. మళ్ల ఉలిక్కిపడి గాలి గుంజుకుంటవ్. గిది అలసట గాదు. పెద్ద డాక్టర్‌కు చూపియ్యి."

"చూపిద్దాం లెండి" అన్నాను. చూపించలేదు.

చూపించుకునేలా చేసింది ఎల్బీనగర్ సిగ్నల్. మా అమ్మాయి హర్షిత అప్పుడు ఆరో తరగతి. రోజూ స్కూటరు మీద నేనే బడి దగ్గర దింపేవాణ్ణి. ఆ పొద్దున ఎర్రలైటు పడింది, కాలు కింద పెట్టాను. అంతవరకే గుర్తుంది. తర్వాత హర్షిత అరుపు, నా మోకాలి కింద రోడ్డు, పక్కనే సిటీబస్సు చక్రం. బస్సు ఆగి ఉంది కాబట్టి బతికిపోయాం. పిల్లకు మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. మర్నాడు నేను స్కూటరు తీస్తుంటే అది వాళ్లమ్మ పక్కన నిలబడి, "నాన్నా, నేను ఆటోలో వెళ్తాలే. నా ఫ్రెండ్సందరూ ఆటోలోనే వెళ్తారు" అంది. నాకు బాధ కలగకూడదని ఫ్రెండ్స్ మీదికి నెట్టింది, పదకొండేళ్ల పిల్ల!

ఎల్బీనగర్‌లోనే ఊపిరితిత్తుల డాక్టరుగారి దగ్గరికి వెళ్లాను. ఒంటికి తీగలు అంటించి, పడుకోబెట్టి పరీక్ష చేశారు. నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగే జబ్బట, స్లీప్ ఆప్నియా అంటారట. రాత్రంతా ఊపిరి కోసం పెనుగులాడిన ఒళ్లు పగలు ఎక్కడ పడితే అక్కడ కునుకు తీస్తుందన్నారు. గొంతులోకి గాలి పంపే మిషనూ, ముక్కంతా కప్పి పైపెదవి మీద ఆనే మాస్కూ రాసిచ్చారు. అది ఒంటికి పట్టిందని తేలేదాకా బండి ముట్టుకోవద్దన్నారు.

చిక్కంతా నా మీసంతో వచ్చింది. నాది గుబురు మీసం. మాస్కు అంచు దాని మీద సరిగా కూర్చోదు. గాలి బుస్సుమని కళ్లలోకి కొడుతుంది. పట్టీలు బిగిస్తే ముక్కు దూలం కోసుకుపోతుంది. వారం తర్వాత వెళ్లి చెబితే డాక్టరుగారు తల ఎత్తకుండానే, "మీసం తీసేయండి, సరిపోతుంది" అన్నారు. తెనాలిలో మా నాన్న నిక్షేపంలా ఉండగా నేను మీసం ఎలా తీస్తాను! తండ్రి పోయినప్పుడు కదా కొడుకు మీసం తీసేది! ఆ మాట అంత చదువుకున్నాయనతో అంటే ఏమనుకుంటారో అని, "అలాగే సార్" అంటూ గంగిరెద్దులా తలూపి వచ్చేశాను. వచ్చేదారిలో మిషన్ల దుకాణంలో అడిగితే అద్దాల బీరువాలోంచి ఇంకో రకం తీసి చూపించారు. ముక్కు రంధ్రాల దగ్గర మాత్రమే ఆనే చిన్న రబ్బరు బుడిపెలవి, మీసం జోలికే రావు. "డాక్టరుగారు రాసిస్తే మార్చిస్తాం సార్" అన్నాడు దుకాణం అతను. ఆయన్ని వెళ్లి అడగడమా? నావల్ల కాలేదు. ఉన్న మాస్కును డబ్బాలో పెట్టి బీరువా మీద పడేశాను. మా ఆవిడ సుజాత నాలుగు రోజులు పోట్లాడి విసిగిపోయింది.

"మాస్కు మంచిగున్నదా సారూ?" అని యాదమ్మగారు అడిగితే, "బ్రహ్మాండంగా ఉందండీ" అనేవాణ్ణి. వారం గడిచాక ఒక పొద్దున మెట్ల దగ్గర ఆపేశారు.

"మరి తీగ మీద మాస్కేది?"

"అంటే..."

"దినాం కడిగి ఆరెయ్యాలె గదా! వారం సంది చూస్తున్న, తీగ మీద నీ బనీన్లే ఉన్నయ్."

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. తర్వాత అన్నీ బయటపడ్డాయి. మీసం, నాన్న, అద్దాల బీరువా. ఆమె మెట్టు మీద కూర్చుని మొత్తం విన్నారు.

"మీ నాయిన సంగతి డాక్టర్‌కు చెప్పినవా?"

"లేదండీ."

"గా చిన్న మాస్కు కావాల్నని అడిగినవా?"

"డాక్టరుకి మనం చెప్తామా అండీ?"

అప్పుడు కోపం వచ్చింది ఆమెకు. "ముప్పై ఏండ్లు డాక్టర్ల పక్కన నిలబడ్డ. ఇను. ఏది ఇయ్యాల్నో ఆయనకు తెలుస్తది. ఏది పడ్తలేదో నీకు తెలుస్తది. నీకు తెలిసింది నువ్వు చెప్పకుంటే ఆయనకు తెలిసింది ఏం పనికొస్తది? అడగంది అమ్మైనా పెట్టదంటరు. పిల్లను బండి మీద కూసోబెట్టుకోవాల్నని ఉన్నదా లేదా నీకు?"

పైకి వెళ్లి బీరువా మీది డబ్బా దించాను. ఆ రోజు నుంచి ఏడు రోజులు నాతో నోటుబుక్కులో రాయించారు: ఎన్నింటికి పెట్టుకున్నాను, ఎన్నింటికి తీసేశాను, ఎక్కడ గాలి పోయింది. తర్వాత మెట్ల మీదే రిహార్సల్. ఆమె డాక్టరు, నేను రోగి. కళ్లద్దాలు ముక్కు చివరికి దించుకుని, "చెప్పండి, ఏమిటి సమస్య" అని మా భాషలో అనేవారు. నవ్వాపుకోలేక చచ్చేవాణ్ణి. నా మొదటి ప్రయత్నం ఘోరం. "సార్, ఇంకో మాస్కు ఏదో ఉందట, పర్వాలేదు లెండి, మీ ఇష్టం" అన్నాను ఒక్క ఊపిరిలో.

"గిదే నీ రోగం!" అన్నారామె. "అడుగుతవ్, అడిగింది మళ్ల నువ్వే వాపస్ తీస్కుంటవ్. ఆయనను జర సోంచాయించనియ్యవ్. అడిగినంక నోరు మూస్కో. ఆయన మొఖం చిట్లించుకున్నా మూస్కో. లెక్కల సారువు గదా, లోపల ఇరవై దాక లెక్కపెట్టు. ఇరవై అయ్యేదాక 'పర్వాలేదు' అన్న మాట నీ నోట్ల నుంచి రావద్దు."

డాక్టరుగారు మళ్లీ రమ్మన్న రోజు బంద్. వాయిదా వేద్దామన్నాను సంబరంగా. "బంద్ నాడు పేషెంట్లు రారు, డాక్టర్ తీరికగుంటడు. నడు" అని యాదమ్మగారే బయల్దేరారు. బస్సుల్లేవు, ఆటోల్లేవు. ఇద్దరం నడిచాం. ఎల్బీనగర్ చౌరస్తాలో, సరిగ్గా నేను స్కూటరుతో పడినచోట, రోడ్డు మీద రాళ్ల పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. పెద్ద గంజులో కిచిడీ ఉడుకుతోంది. ఆమెను చూసి అందరూ లేచారు. ఒకాయన నాకు విస్తరాకు అందిస్తూ, "సార్‌ది ఏ ఊరు?" అన్నాడు. నేను విస్తరాకును అటూ ఇటూ తిప్పాను.

"తెనాలి. మా పైవాటాల ఉంటడు. నిద్రల ఊపిరి ఆగుతది పాపం, దవాఖానకు తీస్కపోతున్న" అన్నారామె.

"అయ్యో! మరి జర గట్టిగ తిను సార్, బలముండాలె" అంటూ అతను ఇంకో గరిటె వడ్డించాడు. అంతే. ఇన్నాళ్లూ నేను మింగేసుకున్న "ఏంటండీ"లన్నీ తలచుకుని నాకే నవ్వొచ్చింది.

ఆసుపత్రిలో నిజంగానే జనం లేరు. డాక్టరుగారు పేపరు చదువుకుంటున్నారు. నోటుబుక్కు ఆయన ముందు పెట్టాను. గాలి ఎక్కడ పోతోందో చెప్పాను. మా నాన్న ఉన్నారని, అందుకని మీసం తీయలేనని చెప్పాను. తర్వాత, యాదమ్మగారు నేర్పినట్టే, "ముక్కు దగ్గర మాత్రమే ఆనే చిన్నది ఉందట. అది నాకు పెడితే ఎలా ఉంటుంది సార్?" అని నోరు మూసుకున్నాను.

ఆయన మొహం చిట్లించారు. ఒకటి, రెండు. నోటుబుక్కు పేజీ తిప్పారు. ఆరు, ఏడు. "మీకు గాలి ఒత్తిడి ఎక్కువ కావాలి. దానికి అది నిలుస్తుందో లేదో" అని తనలో తనే అనుకున్నట్టు అన్నారు. తొమ్మిది. "పర్వాలేదు సార్" నాలుక చివరికి వచ్చేసింది. బల్ల కింద యాదమ్మగారి చెప్పు నా పాదం మీద గట్టిగా పడింది. పది, పదకొండు. పదిహేడు దగ్గర ఆయన పుస్తకం మూశారు.

"నాన్నగారికి ఎన్నేళ్లు?"

"డెబ్బై ఎనిమిదండీ."

ఆయన నున్నటి పైపెదవిని వేలితో తడుముకున్నారు. "మా నాన్నగారు పోయినేడు పోయారు. అప్పుడు తీశాను. మళ్లీ పెంచబుద్ధి కాలేదు. ఈ మాట మొదటే చెప్పకూడదా అండీ? నాకెలా తెలుస్తుంది?" అని చీటీ తీసి రాశారు. రాత్రి గాలి ఎలా నిలిచిందో మిషనులోని మెమరీ కార్డు చెబుతుందని, నిలవకపోతే వేరే దారి చూద్దామని అన్నారు. బయటికి వచ్చాక యాదమ్మగారు అడిగిన మొదటి మాట: "ఎంతదాక లెక్కపెట్టినవ్?"

"పదిహేడండీ."

"శభాష్. ఇంక మూడు మిగిలినయ్, దాచిపెట్టుకో."

ఒక్కరోజులో ఏదీ తేలలేదు. మొదట్లో ముక్కు మండింది, రెండుసార్లు సైజు మార్చారు. నెల దాటాక కార్డు చూసి డాక్టరుగారు ఇక బండి నడపొచ్చన్నారు. ఆ సంగతి నేను హర్షితకు చెప్పలేదు, అడగడానికి భయమేసింది. సుజాత చెప్పినట్టుంది. ఒక పొద్దున స్కూటరు తుడుస్తుంటే అది వచ్చి ముందు స్కూలు బ్యాగు పెట్టి, "ఆటో అంకుల్ రోజూ లేటు చేస్తున్నాడు నాన్నా" అని వెనక ఎక్కి కూర్చుంది. కింది వాటా కిటికీలోంచి యాదమ్మగారు చూస్తున్నారు. ఆ సిగ్నల్ దగ్గర కాలు కింద పెట్టినప్పుడు నా కళ్లు బాగా తెరుచుకుని ఉన్నాయి, కాకపోతే నీళ్లతో ఉన్నాయి.

రాష్ట్రం వచ్చిన రోజు ఆమె లడ్డూల డబ్బాతో ముందు మా మెట్లే ఎక్కారు. "అడిగినం, ఇచ్చిన్రు. తిను సారూ. పరేషాన్ గాకు, నీ వాటా నీదే" అన్నారు. ఆ రోజు నాకేమనిపించిందో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. లడ్డూ మాత్రం ఆమె చేత్తోనే తిన్నాను.

కొన్నేళ్లకు ఆమెకు ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. ఆసుపత్రిలో ముక్కూ నోరూ కప్పి ఆక్సిజన్ మాస్కు పెట్టారు. ఊరి నుంచి తమ్ముడు వచ్చేదాకా నేనూ సుజాతా ఉన్నాం. ఆమె మాటిమాటికీ మాస్కు లాగేస్తున్నారని నర్సులు విసుక్కుంటున్నారు. ఏదో చెప్పబోతున్నారు, ఆ ప్లాస్టిక్ వెనక మాట పొగమంచులా చెదిరిపోతోంది. డ్యూటీ డాక్టరు వచ్చినప్పుడు లేచి నిలబడ్డాను. "ఈమె పొద్దుటి నుంచి ఏదో చెప్పాలని చూస్తున్నారు డాక్టరుగారూ. కాసేపు ముక్కుకు సన్న గొట్టం పెడితే ఎలా ఉంటుంది?" అని నోరు మూసుకున్నాను. అతను మానిటరు చూశాడు. కాగితాలు చూశాడు. నన్ను చూశాడు. "సరే, పది నిమిషాలు చూద్దాం" అన్నాడు.

మాస్కు తీయగానే ఆమె నావైపు తిరిగారు.

"ఎంతదాక లెక్కపెట్టినవ్?"

"పదకొండండీ."

"మంచిగడిగినవ్" అని కాసేపు ఊపిరి తీసుకున్నారు. "పెదవులు ఎండిపాయినయ్ సారూ. జర తడిగుడ్డ పెట్టుమని పొద్దుగాల సంది అడుగుతున్న. ఎవలకు ఇనబడ్తలేదు."

జేబురుమాలు తడిపి ఆమె పెదవుల మీద పెట్టాను. ముప్పై ఏళ్లు ఎందరి పెదవులు తడిపిందో ఆ చెయ్యి, నా మణికట్టును పట్టుకుని అలాగే ఉంది. మూడోరోజు ఆమె పోయారు.

నేనింకా దిల్‌సుఖ్‌నగర్‌లోనే లెక్కలు చెబుతున్నాను. పాఠం అయ్యాక "సందేహాలున్నాయా?" అని అడగడం నాకు మొదటి నుంచీ అలవాటే. అడిగీ అడగ్గానే బోర్డు వైపు తిరిగి తుడిచేసేవాణ్ణి. ఇప్పుడు తిరగను. సుద్దముక్క పట్టుకుని వాళ్లకు ఎదురుగానే నిలబడి, లోపల ఇరవై దాకా లెక్కపెడతాను. పది దాకా ఎవరూ కదలరు. పదిహేను దాటాక, వెనక వరుసలో తలొంచుకుని కూర్చునే పిల్లల్లో ఎవరిదో ఒక చెయ్యి మెల్లగా లేస్తుంది.